పల్లాలు తాత పళ్ళు

మేడల రెండో అంతస్తు దాకా గోదారి ఎక్కి దిగిన ఏడాది అది. అప్పటికి ప్రతి అంగన్‌వాడీ గుమ్మానికీ ఒక అద్దం ఉండేది. లోపలికొచ్చే పిల్లల ఒళ్ళంతా అది పరీక్షగా చూసి, దెబ్బ కనిపిస్తే డాక్టరుకి కబురు పంపేది. లంకలో తల్లులు దోమకాటుకి కూడా సంజాయిషీ సిద్ధం చేసుకుని వెళ్ళేవారు.

ఆ రోజు పల్లాలు తాత మనవడు, రెండేళ్ళ చిన్నోడు, తొడ మీద గాట్లతో దొరికిపోయాడు. "పెద్దవాళ్ళ పళ్ళు" అంది అద్దం. మధ్యాహ్నానికల్లా డాక్టరమ్మ ఇంటికొచ్చింది. సంగతి తేలకపోతే సాయంత్రం పిల్లాణ్ణి శిశుగృహానికి తీసుకెళ్ళాలంది. కొడుకు పళ్ళు, కోడలు మంగతాయారు పళ్ళు ఆ గాట్లకి సరిపోలేదు. పల్లాలు తన కట్టుడు పళ్ళు తీసి డాక్టరమ్మ పళ్ళెంలో పెట్టాడు. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి.

"మావయ్యగారూ! జాంకాయే కొరకలేరు కదండీ, మనవణ్ణి కొరికారా?" కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"లేదు," అన్నాడు పల్లాలు.

"ఆ ఒక్క మాటా చాలదు తాతగారూ," అంది డాక్టరమ్మ.

ఇంతలో చిన్నోడు పళ్ళెంలోంచి పళ్ళు లాక్కుని, "పీత! పీత!" అంటూ తన తొడకి ఒకసారి, డాక్టరమ్మ చేతికి ఒకసారి పట్టించాడు. ఆవిడ కెవ్వుమంది. చేతి మీది గాట్లూ తొడ మీది గాట్లూ పక్కపక్కన పెట్టి చూసి, నవ్వాపుకోలేకపోయింది.

"పడుకునేటప్పుడు పళ్ళు మంచం కింద గ్లాసులో పెడతారండి," అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

మర్నాడు పొద్దున్నే పల్లాలు పాత ఉట్టి దులిపి మంచం పైన కట్టి, గ్లాసు అందులో పెట్టాడు. చిన్నోడు పీట ఈడ్చుకుంటూ వచ్చాడు. పల్లాలు ఉట్టిని ఇంకో జానెడు పైకి లాగి కట్టాడు.