కొల్లేట్లో పాతిన గొట్టం

తమ చేపల తడికల పక్కనే ఎవరో గొట్టం పాతుతున్నాడని వినగానే సన్యాసమ్మ అన్నం ముందు నుంచి లేచింది.

చెయ్యి కడిగిందో లేదో, తాటి దోనె ఎక్కి గెడ వేసింది.

నిజమే. పంచె ఎగగట్టి, కళ్ళజోడు జారకుండా తాడుతో తలకి కట్టుకుని, ఓ పెద్దమనిషి నడుము లోతు నీళ్ళలో ఇనప గొట్టం దిగ్గొడుతున్నాడు.

కొల్లేట్లో ఒక కట్టుబాటుంది. నీళ్ళలో ముందు గెడ పాతినవాడిదే ఆ చోటు. పట్టాలూ గిట్టాలూ ఏమీ ఉండవు. తిట్టినా పడతారు గానీ, తమ నీళ్ళలో పరాయివాడు గెడ పాతితే మాత్రం అక్కడివాళ్ళు ఊరుకోరు.

"ఏవయ్యోయ్! ఎవరి చోటనుకుని పాతుతున్నావ్?"

"చోటు నాకెందుకమ్మా? అడుగున మన్ను కావాలి."

"గట్టు మీద లేదా మన్ను?"

"అది నిన్న మొన్నటిది. నాకు పాతకాలపు మన్ను కావాలి."

సన్యాసమ్మకి ఒళ్ళు మండింది. ఎవరి చెవిలో పూలు పెడుతున్నాడీయన!

అవి యుద్ధం రోజులు. బర్మా బియ్యం ఆగిపోయి ఎక్కడ చూసినా కటకట. వానలేమో వరసగా కొన్నేళ్ళు మొహం చాటేశాయి. కొల్లేరు ఎలాగూ చస్తోంది కదా, మిగిలిన నీళ్ళు కూడా సముద్రంలోకి మళ్ళించి వరి వేద్దామని సర్కారు ఆలోచన అట. ఊరూరా అదే గోల. నీళ్ళు పోతే చేప పోతుంది. చేప పోతే ఇక వాళ్ళ బతుకేముంది? ఆమె మొగుడు కాశీరావు అప్పుడే దోనె అమ్మేసి బెజవాడలో రైలు కూలికి పోదామంటున్నాడు.

ఈ కళ్ళజోడాయన వాలకం చూస్తే సర్కారు మనిషే. ఇప్పుడు ఆయనే వచ్చి గొట్టం పాతాడంటే, కొల్లేరంతా వాళ్ళదైనట్టే కదా!

ఆయన గొట్టంలోని మన్ను పొడుగ్గా బయటికి తోసి, తన దోనెలో పరిచిన చాప మీద పెట్టాడు.

"ఇటు చూడమ్మా. పైన ఈ నల్లమన్నులో నత్తగుల్లలు ఎంత లావున్నాయో! అప్పుడు వానలు దండిగా పడ్డాయన్నమాట. దీని కిందవన్నీ చిట్టి గుల్లలు. ఇవి ఉప్పు నీళ్ళలోనే బతుకుతాయి. అంటే అప్పుడు మంచినీళ్ళు బాగా తగ్గి, సముద్రపు ఉప్పు పైకెక్కింది. ఇంకా కింద..."

"ఇంకా కింద?" అడక్కూడదనుకుంటూనే అడిగింది.

"గుల్లే లేదు. నెర్రెలిచ్చిన మన్నూ, తుంగ గింజలూ. కొల్లేరు మొత్తం ఎండిపోయిందన్నమాట."

"అదీ సంగతి! ఎండిపోతుందని రాసుకుపోదామనే వచ్చావన్నమాట!"

"కాదమ్మా, దాని కింద మళ్ళీ..."

ఆమె పూర్తి చెయ్యనిస్తేగా! చాప ఎత్తి మన్నంతా నీళ్ళలో దులిపేసింది. గొట్టం లాక్కుని ఆయన దోనెలోకే గిరాటేసింది. ఈలోగా కాశీరావూ మిగతా వాళ్ళూ దోనెల మీద వచ్చి ఆయన్ని ఒడ్డుదాకా తరిమారు.

ఆయన ఒక్క మాట తూలలేదు. గొట్టంలో అడుగున ఇరుక్కున్న మన్ను మాత్రం కండువాలో మూట కట్టుకున్నాడు.

"కొల్లేరు ఎక్కడికీ పోదమ్మా" అన్నాడు.

"ముందు నువ్వు పో!" అంది సన్యాసమ్మ.

ఆ మరుసటి ఏడు వానలు విరగబడి కురిశాయి. కొల్లేరు గట్లు దాటి పొంగింది. కాశీరావు దోనె అమ్మే మాట మరిచి వలలు బాగుచేసుకున్నాడు.

చలి మొదలయ్యాక కరణం బసవయ్య కబురు తెచ్చాడు.

"కొల్లేటిని ఎండగట్టే ఆలోచన మానుకున్నారర్రా! బెజవాడ ఇంజనీరు సాంబమూర్తిగారని, మదరాసులో పెద్ద దొరల ముందు మన్నూ గుల్లలూ పరిచి మరీ వాదించారట. ఇది చచ్చే కొల్లేరు కాదండీ, ఎన్నోసార్లు ఎండి మళ్ళీ నిండింది, పొలాలు వేస్తే మనుషులతో సహా మునుగుతాయి అని చెప్పారట. ఆ మన్ను కండువాలో మూట కట్టుకెళ్ళారట, చోద్యం!"

"అయ్యో, నా చేతులు పడిపోను!" అంటూ సన్యాసమ్మ నెత్తి కొట్టుకుంది.

మర్నాడే కుండలో నీళ్ళు పోసి, బతికున్న కొరమీనులు వేసుకుని బెజవాడ రైలెక్కింది. అడుగుతూ అడుగుతూ గవర్నరుపేటలో ఆ ఇల్లు పట్టుకుంది. ఇంజనీరుగారి భార్య వెంకటరావమ్మ తలుపు తీసింది.

"కొరమీనులమ్మా! అయ్యగారికని తెచ్చాను."

"అయ్యో, మేం తినం తల్లీ."

"తినకపోయినా ఒక్కసారి చూడమనండి. కాళ్ళకి మొక్కి పోతాను. కొల్లేట్లో ఆయన్ని తరిమిన పాపిష్టిదాన్ని నేనే."

వెంకటరావమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆయన లేరమ్మా. అక్కణ్ణించి తెచ్చుకున్న చలిజ్వరం తిరగబెట్టి కిందటి నెల పోయారు."

సన్యాసమ్మ అరుగు మీద కూలబడి, సొంత అన్న పోయినట్టు ఏడ్చింది.

కాసేపటికి వెంకటరావమ్మే ఆమెని లేపింది. ఇద్దరూ ఏలూరు కాలువ దాకా నడిచారు.

"వీటిని వదిలెయ్యమ్మా. ఈ కాలువ మీ వైపే పోతుంది."

కుండ వంచగానే కొరమీనులు తోకలాడించుకుంటూ నీళ్ళలోకి జారిపోయాయి.

"అంతటి మహానుభావుణ్ణి కొల్లేటిని ఎండగట్టే మనిషని నిందించానమ్మా" అంది సన్యాసమ్మ వెక్కుతూ.

"నింద కాదులేమ్మా, నిజమే. ఎండగట్టే ప్లాను గీసిందే ఆయన. ఒక్కసారి కొల్లేటి అడుగు చూసొచ్చాకే సంతకం పెడతానని మీ దగ్గరికి వచ్చారు."