చవకరకం ఎయిర్ బ్రష్

గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్ ఫట్‌మని తుమ్మింది. అరచేయంత అట్టగోడ మీద రంగు చిట్లి, సాలీడు కాళ్ళలా నాలుగు వైపులా పాకింది.

"ఛీ!" అన్నారు మాస్టారు.

అమ్మాయి బెదిరిపోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఏం చేశాను బాబాయ్?"

"ఏం చెయ్యలేదో అడుగు. రంగు గడ్డపెరుగులా ఉంది. పాలలా జారాలి తల్లీ, పాలలా! నిన్న చెప్పాను, మొన్న చెప్పాను. నా నోరు పడిపోతోంది."

మాస్టారికి ఒళ్ళంతా కంపరంగా ఉంది. ఊళ్ళో ఎవరు పెద్ద భవనం కట్టబోయినా ముందు దాని చిన్న నమూనా చేసిచ్చేది ఆయనే. కిటికీ ఊచ కింద నీడని కూడా రంగుతోనే తెప్పిస్తారు. అలాంటి మనిషి ముందు ఈ దిక్కుమాలిన వస్తువు! సంతలో దొరికే బొమ్మ తుపాకీ కూడా ఇంతకన్నా నయం. దానికి గాలి అందించే కంప్రెసర్ జలుబు చేసిన ముక్కులా గురగురమంటోంది. కొని వారమైనా కాలేదు, సూది మొన వంకరపోయింది. రంగు పోసే చిన్న కప్పు చుట్టూ ఎండిన రంగు అట్టలు కట్టి, చూస్తేనే డోకొస్తోంది.

అయినా వచ్చారు. రాకపోతే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. అమ్మాయి తండ్రీ ఆయనా ఒకప్పుడు ఈ ఇంటి వెనక షెడ్డులోనే పక్కపక్కన కూర్చుని పనిచేశారు. మాటా మాటా పెరిగి మాస్టారు విడిగా వెళ్ళిపోయారు. కిందటేడు ఒక రాత్రి ఆ షెడ్డు తగలబడింది. అందులో పడుకున్న తండ్రీ పోయాడు. చెంచా కూడా మిగల్లేదు. రంగు పలచన చేసే థిన్నర్ డబ్బా మూత తీసిపెట్టి, సిగరెట్ వెలిగించి, అలాగే నిద్రపోయి ఉంటాడని అందరూ తేల్చేశారు.

ఇప్పుడు అమ్మాయి ఆ షెడ్డుకే నమూనా చేస్తోంది. నమూనాల పనివాళ్ళ సంఘం ప్రదర్శన పెడుతోంది. అందులో తండ్రి పేరు వద్దన్నారు. తన కొంప తనే తగలెట్టుకున్నవాడి పేరు మనకెందుకని మొహం మీదే అన్నారు.

"నాన్న అంత నిర్లక్ష్యం మనిషి కాదు బాబాయ్," అంది అమ్మాయి. "డబ్బాలన్నిటికీ మూతలు పెట్టి, వరసలో పెట్టి గానీ పడుకునేవాడు కాదు. ఆఖరి రోజు షెడ్డు ఎలా ఉందో అలాగే చేసి చూపిస్తాను. కానీ ఒక్క రంగు తప్పినా నవ్వుతారు."

"నవ్వరు. ఉమ్మేస్తారు." మాస్టారు పట్టకారుతో చిన్న కుర్చీని ఎత్తారు. "ఇదేంటి, కొత్త పెళ్ళికూతురిలా మెరిసిపోతోంది? మీ నాన్న కూర్చుని కూర్చుని దాని వార్నిష్ ఎప్పుడో లేచిపోయింది."

"నాకంతా కలగాపులగంగా గుర్తు బాబాయ్. అందుకేగా మిమ్మల్ని బతిమాలింది."

"నాకు మాత్రం ఏం తెలుసు? నేను బయటికొచ్చి ఏళ్ళయింది. మళ్ళీ ఆ గడప తొక్కితే ఒట్టు. ఏదో, పాతవి గుర్తున్నంత వరకు చెప్తాను. సరే, మొదలుపెట్టు. ముందు గాలి, తర్వాత రంగు. ఆపేటప్పుడు ముందు రంగు, తర్వాత గాలి."

అమ్మాయి సరిగ్గా తలకిందులుగా చేసింది. రంగు ముద్దలా ఊడిపడింది. బ్రష్ మూసుకుపోయింది. ఆయన వద్దు వద్దంటున్నా వినకుండా దాని ముక్కుని నోట్లో పెట్టుకుని ఊదింది. పెదాలు నల్లబడ్డాయి. పంటి మీద కూడా ఒక చార.

మాస్టారు మొహం తిప్పేసుకున్నారు. ఎంత తొందరగా ఇక్కడినుంచి బయటపడదామా అనిపించింది. ఇలాంటి చేతులకి పని నేర్పడం కన్నా బండకి పాఠం చెప్పుకోవడం మేలు.

ఆయన మళ్ళీ తలతిప్పేసరికి అమ్మాయి ఇంకో వస్తువుకి పులుముడు మొదలుపెట్టింది. గోధుమరంగు చిక్కగా కారి, చుక్కలుగా వేలాడుతోంది.

"ఏమిటది?"

"రంగుల అలమర, బాబాయ్. డబ్బాలు పెట్టుకునేది."

"అలమరా! నయం, చెప్పావు. బురదముద్ద అనుకున్నాను. జరుగు, జరుగవతలికి!"

ఇంక ఆయన వల్ల కాలేదు. బ్రష్ లాక్కున్నారు. ఊడదీసి కడిగారు. సూది మొనని గోటితో మెల్లగా సవరించారు. అలమర మీది బురదని తుడిచేసి, పసుపులో చుక్క నీలం వేసి, నీళ్ళు పోసి పాలలా కలిపారు. చేతి వెనక ఒకసారి కొట్టి చూసుకున్నారు. ముందు గాలి. తర్వాత రంగు. మంచులా పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. అంత చెత్త బ్రష్షూ ఆయన చేతిలో బుద్ధిగా పనిచేసింది. అగ్గిపెట్టెంత అలమర చిలకపచ్చగా నిగనిగలాడుతూ తేలింది. తలుపు అంచుల్లో కాస్త ముదురు కూడా తెప్పించారు.

పొద్దుటినుంచీ మొదటిసారి మాస్టారి మొహంలో చిరాకు పోయింది.

"చూశావా? రంగంటే ఇదీ. లోపల అడుగుపెడితే ముందు కళ్ళల్లో కొట్టేది ఈ పచ్చదనమే. దీనికి పట్టుకుని బురద పూస్తావా? బుద్ధుందా నీకు?"

అమ్మాయి కంప్రెసర్ కట్టేసింది. పెదాలకంటిన నలుపు చేత్తో తుడుచుకుంది. అలమరని జాగ్రత్తగా ఎత్తి, నమూనా షెడ్డులో దాని చోట పెట్టింది.

"ఆ అలమర ఈ రంగులో ఉన్నది ఒక్క రాత్రే బాబాయ్, షెడ్డు తగలబడిన రోజు సాయంత్రమే నేనూ నాన్నా కలిసి వేశాం."