అమ్మమ్మ చేతి కైమా ఉండలు

“ఈ ఫొటోలో ఉన్నావిడ నిజంగా మీ అమ్మమ్మేనా, లేక ఎవరైనా మోడలా?”

ఇల్వా అలా అడగ్గానే హోటలు యజమాని టోర్కెల్‌కి ఒళ్ళు మండింది. ఆవిడ వచ్చింది ప్రకటనల మీద ఫిర్యాదులు విచారించే సంస్థ నుంచి కాబట్టి తమాయించుకున్నాడు.

“మోడలేమిటండీ! అదిగో, కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు ఒలుస్తోంది చూడండి. మా అమ్మమ్మ హిల్లెవి.”

ఇల్వా అటు చూసింది. ఒకసారి ఫైలు చూసుకుని మూసేసింది. హిల్లెవి తలెత్తకుండా దుంపలు ఒలుచుకుంటూనే ఉంది.

హ్యార్నోసాండ్ ఊళ్ళో తిరిగే బస్సులన్నిటి మీదా అదే బొమ్మ. నవ్వుతున్న హిల్లెవి, కింద ఇంతేసి అక్షరాలు: ‘అమ్మమ్మ చేతి కైమా ఉండలు. ఉత్తర ధ్రువం నుంచి కూడా జనం వస్తారు!’ ఫిర్యాదు నిలబడిందంటే బొమ్మలన్నీ దించాలి. పైగా తప్పుదోవ పట్టించే ప్రకటన అని హోటలు పేరుతో సహా పేపర్లోకి ఎక్కుతుంది. ఇంత చిన్న ఊళ్ళో ఆ మాట పడితే ఇక తలుపులు మూసుకోవడమే.

“ధ్రువం సంగతేనా ఫిర్యాదు?” అన్నాడు టోర్కెల్ ఆశగా. “అది తీసేస్తాను.”

“అక్కర్లేదు. అవి ఉత్త గొప్పలని చదివేవాళ్ళకి తెలుసు, ఎవరూ నమ్మరు. నమ్మే మాటకే మేం రుజువు అడుగుతాం. బొమ్మ చూసి, మాట చదివి, మామూలు మనిషికి ఏం అర్థమవుతుంది? ఈవిడ చేసే పద్ధతిలోనే ఇక్కడ వండుతున్నారని. నిజమేనా?”

టోర్కెల్ ఒక పళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు. కైమా ఉండలు, మెత్తటి దుంపల ముద్ద, పక్కన పుల్లటి ఎర్ర లింగన్ పళ్ళ జామ్.

“తింటే లంచం అవుతుందేమోనండీ.”

“విచారణ కింద రాసుకోండి.”

ఇల్వా ఒకటి నోట్లో వేసుకుంది. రెండోది వేసుకుంది. మూడోది వేసుకునేటప్పుడు విచారణ మొహం మరిచిపోయింది.

“ఇందులో ఏదో ఉంది... ఏమిటిది?”

“సీసాలో ఊరేసిన చేపల ఊట, ఒక చెంచా,” అంది హిల్లెవి కిటికీ దగ్గర్నుంచి. “కైమాలో వేసే రొట్టెపొడి నానబెట్టే పాలల్లో కలపాలి. ఎక్కువైతే రేవు కంపు, తక్కువైతే చప్పిడి.”

టోర్కెల్ మొహం వెలిగిపోయింది. “విన్నారా? ఇంకేం రుజువు కావాలి! చెప్పు అమ్మమ్మా, ఈ వంట నీదేనని చెప్పు.”

హిల్లెవి చాకు పక్కన పెట్టింది. “నాది కాదు.”

“అమ్మమ్మా!”

“నేను చేస్తే వాటితో మంచు మీద హాకీ ఆడుకోవచ్చు. మీ అమ్మ నా చేతి కూడు తప్పించుకోవడానికే పెళ్ళి చేసుకుందని ఊరంతా అంటుంది. ఇది మీ నాయనమ్మ వంటరా. నువ్వు సిగ్నె దగ్గర నేర్చుకున్న వంట.”

టోర్కెల్ కుర్చీలో కూలబడ్డాడు. “నాయనమ్మ పోయి ఏడాదైంది, ఫొటోకి ఎక్కడ దొరుకుతుందండీ? అమ్మమ్మయితేనేం, నాయనమ్మయితేనేం? సగం మాటే కదా తేడా!”

“ఆ సగం మాటలోనే ఒక మనిషి మొత్తం ఉంది,” అంది హిల్లెవి. “నీకు అప్పుడే చెప్పాను, విన్నావా? పుట్టినరోజని ఫొటో తీసి బస్సుకి అంటించావు. కూరగాయల కొట్లో ప్రతివాడూ ‘నీ చేతిలో ఏం మహిమ ఉంది హిల్లెవీ’ అంటుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ప్రతి క్రిస్మస్‌కీ సిగ్నె వండి పెట్టేది. నేను మారు వడ్డించుకునేదాన్ని. ‘ఉప్పెక్కువైంది’ అనేదాన్ని. బాగున్నాయని ఒక్కనాడూ అనలేదురా. ఆవిడ పోయాక ఆవిడ పేరు కూడా నేనే తినెయ్యాలా?”

టోర్కెల్ లేచి వెళ్ళి హిల్లెవి భుజం మీద చెయ్యి వేశాడు. “తప్పయిపోయింది అమ్మమ్మా,” అన్నాడు.

ఇల్వా ముక్కు తుడుచుకుంది. “మీ అంతట మీరే దిద్దుకుంటే తీర్పు దాకా వెళ్ళదు టోర్కెల్. పేపర్లో పేరూ రాదు. అమ్మమ్మ తీసి నాయనమ్మ పెట్టండి, బొమ్మ మార్చండి. ఫైలు ఇక్కడే మూసేస్తాను.”

టోర్కెల్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. “అసలు ఎవరు పెట్టారండీ ఈ ఫిర్యాదు? ఎదురు పిజ్జా వాడేనా? వాడి ఓవెన్‌లో వాణ్ణే పెట్టి కాల్చేస్తాను!”

“పేరు చెప్పకూడదు,” అంటూ ఇల్వా గబగబా కాఫీ తాగేసింది.

“సరే పోనీండి. బొమ్మ ఎలా మార్చడం? నాయనమ్మ కెమెరా చూస్తే పారిపోయేది. నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు.”

హిల్లెవి తడి చేతులు తుడుచుకుని హ్యాండ్‌బ్యాగు తెరిచింది. పెద్దది చేయించి అద్దం కట్టించిన ఫొటో ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అందులో సిగ్నె గరిటె ఎత్తి ఎవరినో కసురుతూ నవ్వుతోంది.

“నన్నే కసురుతోంది,” అంది హిల్లెవి. “నేనే తీశాను.”

తర్వాత ఇల్వా వైపు తిరిగి, “అయినా మరీ ఇంత ఆలస్యమా అమ్మాయ్? నేను ఫిర్యాదు పెట్టిన మర్నాడే వస్తారనుకుని అప్పట్నుంచీ దీన్ని మోస్తున్నాను!” అంది.