మంగళవారం ఐదింటికి

బెల్లు దాకా వెళ్ళిన చెయ్యిని ఒస్వాల్దో మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

"మొదటిసారా?"

వీధి మెట్టు మీద కూర్చున్న ఒకామె అడిగింది. నలభై ఉంటాయేమో, జుట్టు మాత్రం సగానికి సగం నెరిసింది.

ఒస్వాల్దోకి ఒళ్ళు మండింది. మా బ్యూనస్ ఐరిస్‌తో వచ్చిన చావే ఇది. ఇక్కడ పళ్ళ డాక్టరు లేనివాడు ఉంటాడేమో గానీ మనసు డాక్టరు లేనివాడు దొరకడు. టాక్సీ ఎక్కితే చాలు, సిగ్నల్ పడేలోపు డ్రైవరు తన థెరపీ సంగతులన్నీ మన చెవిలో పోసేస్తాడు.

ఒస్వాల్దో సిటీ బస్సు డ్రైవరు. ఐదు నెలల కిందట సైకిలు మీద వెళ్తున్న పిల్లాడొకడు అతని బస్సు కింద పడి చనిపోయాడు. పిల్లాడే అడ్డం వచ్చాడన్నారు అందరూ. పోలీసులూ అదే రాసుకున్నారు.

అసలు సంగతి ఒస్వాల్దోకి తెలుసు. ఎదురొచ్చే బస్సు డ్రైవరుకి చెయ్యెత్తి పలకరించడం ఈ డ్రైవర్లందరికీ అలవాటు. ఆ రోజూ చెయ్యెత్తాడు. తల అటు తిప్పాడు. రెప్పపాటు, అంతే.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం నీల్దాకి కూడా చెప్పలేదు. పిల్లాడి వాళ్ళ ఛాయలకి పోవద్దని వకీలు అంటే, బతికాంరా అనుకుని అటు తొంగి కూడా చూడలేదు.

నిద్ర కరువైంది. తిండి పోయింది. క్రితం వారం రైలు గేటు పడ్డాక కూడా పట్టాల వైపు నడుస్తుంటే, నీల్దా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"నాతో చెప్పకపోతే పోనీ, ఎవరితోనో ఒకరితో చెప్పు. లేకపోతే నువ్వు నాకు దక్కవు," అని రోడ్డు మీదే ఏడ్చింది.

వేసవి సెలవలయ్యాక ఈ డాక్టర్ల దగ్గర ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? అయినా నీల్దా ఎక్కడెక్కడో తిరిగి, ఎవరెవర్నో బతిమాలి, మంగళవారం ఐదింటికి టైము సంపాదించింది.

"మొదటిసారే. అయితే ఏంటి?" అన్నాడు ఒస్వాల్దో.

"ఏం లేదు. మాటలు వల్లెవేసుకుని వెళ్ళకండి. గుమ్మం దాటగానే అన్నీ మర్చిపోతారు."

"అడిగానా మిమ్మల్ని?"

"అడగలేదు," అందామె. లేచి, పక్కకి జరిగి దారిచ్చింది. "డాక్టరమ్మ చాలాసేపు నోరు విప్పదు. కోపం వస్తుంది. వస్తే తిట్టేయండి, ఏమీ అనుకోదు. అసలు సంగతి మాత్రం వెళ్ళొస్తానని లేచాక, తలుపు దగ్గరికొచ్చాక గానీ నోట్లోంచి ఊడిపడదు. అప్పటికి టైమయిపోతుంది."

"బావుంది! ఇంకా?"

"ఈ రోజు బయటికొచ్చాక ఇప్పటికంటే ఎక్కువ బాధగా ఉంటుంది. అది చూసి మానేయకండి. మళ్ళీ వారం రండి."

"మీరెందుకు ఉన్నారిక్కడ? వెళ్ళండి పైకి!"

"ఇవాళ నాకు లేదు. అలవాటు కదా, ఈ వేళకి కాళ్ళు ఇటే లాక్కొచ్చాయి."

ఆ నిదానం చూసి ఒస్వాల్దోకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీకేంటమ్మా, తిన్నదరక్క వస్తారు! మీ మొగుడు పలకరించడం లేదా? మీ పిల్లాడు మాట వినడం లేదా? ఏం కష్టమొచ్చిందని పొద్దున్న లేస్తే ఏడుపు? ఒక మనిషి నిజంగా నలిగిపోతే ఎలా ఉంటుందో తెలుసా మీకు?"

ఆమె గోడకి చెయ్యి ఆన్చుకుంది.

"పిల్లాడే," అంది. "మాట వినడం లేదు."

"వింటే ఆశ్చర్యం! ఇలాంటి తల్లితో ఎవడు వేగుతాడు?"

వీధిలో పోయేవాళ్ళు తిరిగి చూశారు. ఆమె మాత్రం గొంతు పెంచలేదు.

"ఐదవుతోంది. నా మీద కోపమంతా లోపల చెప్పండి. దయచేసి పైకి వెళ్ళండి."

"మీలాంటివాళ్ళు వచ్చే చోటికి నేను రాను!"

అనేసి, విసవిసా వీధి దాటేశాడు. నిజం చెప్పాలంటే అతనికి కావలసింది ఒక సాకు. దొరికింది. ఆమె వెనకనుంచి పిలుస్తూనే ఉంది. వినపడనట్టు మూల తిరిగిపోయాడు.

నీల్దా మాతే టీ కోసం నీళ్ళు కాస్తోంది. గడియారం వంక చూసి అదిరిపడింది.

"అప్పుడే వచ్చేశావేం?"

"పైకి వెళ్ళలేదు. కింద ఒక పిచ్చిది తగులుకుంది. ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో నాకు పాఠాలు! వాయించి పారేశాను."

"ఎలా ఉంది మనిషి?"

"సగం జుట్టు తెల్లబడింది. ఎవత్తయితే నీకెందుకు?"

"ఏమన్నావు ఆమెని?"

చెప్పాడు. అన్నదంతా చెప్పాడు. చెప్తుంటే కొంచెం హుషారు కూడా వచ్చింది. మొగుణ్ణి అన్నది చెప్పాడు, పిల్లాణ్ణి అన్నది చెప్పాడు.

నీల్దా స్టవ్ ఆపేసింది. కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఏమైందే?"

"ఆ టైము ఆమెదే, ఒస్వాల్దో. ప్రతి మంగళవారం ఐదింటికి ఆమే వెళ్ళేది. నువ్వు వకీలు మాట విన్నావు, నేను వినలేదు. ఆమె ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి వెళ్ళి, నువ్వు పట్టాల మీదికి నడిచావని చెప్పి ఏడ్చాను. అప్పటికప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేసి, నా బదులు అతన్ని చూడండి అంది."

"ఎవరింటికి వెళ్ళావు?" అన్నాడు ఒస్వాల్దో.

"నీ బస్సు కింద పడిన పిల్లాడి తల్లి దగ్గరికి," అంది నీల్దా.