మూడింట్లో రెండు పోతే

"దొంగవు కాకపోతే ప్రమాణానికి భయమెందుకురా నీకు?"

కాణిపాకం గుడి ముందు ధనశేఖర్ గొంతు చించుకుని అరిచాడు. కొబ్బరికాయలు కొంటున్నవాళ్లు బేరం ఆపి ఇటు తిరిగారు.

జోయల్ తల దించుకోలేదు. "భయం లేదన్నా. చెయ్యకూడదు, అంతే. అవునంటే అవును, కాదంటే కాదు, దాని మీద ఒట్టు పెట్టొద్దని మా బైబిలు వాక్యంలో ఉండాది. కాటాను నేను తిప్పలేదు. ఇదే నా మాట."

"నీ మాట చెల్లేదైతే ఇంతదూరం ఎందుకొస్తాంరా?"

గొడవంతా ఆ కాటాది. చిత్తూరులో ధనశేఖర్ వాళ్ల బెల్లం మండీలో తూకం తక్కువ చూపిస్తోందని ఐరాల రైతులు పట్టేశారు. కాటా చెడిపోలేదు, ఎవరో కావాలనే తిప్పిపెట్టారని మరమ్మతు చేసేవాడు తేల్చేశాడు. తగువు తీరేదాకా ఎవరూ ముట్టడానికి లేదని రైతులు దానికి గోనెసంచి కప్పి కట్టేశారు. మండీ తాళంచెవులు ఉన్నది ముగ్గురి దగ్గరే. ధనశేఖర్, అతని తండ్రి దేవరాజులు, రోజూ కాటా వేసే జోయల్.

"కాణిపాకంలో తేల్చుకోండప్పా," అని మండీలోనే అన్నాడు, ఇప్పుడు రైతుల తరఫున వెంట వచ్చిన చిన్నబ్బ. "తడిబట్టలతో వినాయకుడి ముందర చెప్పినోడి మాట మేం నమ్ముతాం. లేదా, చిత్తూరు నిండా మండీలే."

కోర్టులో తేలనివి కూడా ఇక్కడ తేలతాయని ఆ చుట్టుపక్కల అందరికీ గురి. అబద్ధమాడినవాడు బాగుపడిన దాఖలా ఎవరికీ గుర్తులేదు.

ధనశేఖర్‌కు సరుకు చూడటం తెలుసు. బెల్లం మరీ తెల్లగా మెరిసిపోతుంటే అందులో మందు కలిసిందని అర్థం. జోయల్ మాటలూ అలాగే మెరుస్తున్నాయని అతనికి మండిపోతోంది.

"సరే, మీ చర్చికే పోదాం పా. మీ దేవుడి ముందరే పెట్టు ఒట్టు."

"వద్దన్నది ఆయనే గదన్నా."

"బలే దేవుణ్ణి పట్టినావురా! దొంగలకు ఇంతకంటే అనుకూలమైన దేవుడు యాడ దొరుకుతాడు?"

చిన్నబ్బ కిసుక్కున నవ్వాడు. జోయల్ ముఖం ఎర్రబడింది.

"నన్ను ఎన్నైనా అనన్నా. ఆయన్ను అనొద్దు. పనిలోకి రావద్దంటే రాను. దొంగ అని పంపిస్తే మాత్రం ఇంక ఏ మండీ గడపా నన్ను ఎక్కనీరు. ఇంట్లో నా పెండ్లాం గ్రేసీ ముఖం ఎట్ల చూసేది?"

"ఆ సంగతి కాటాలో వేలు పెట్టేముందర ఆలోచించాల్సింది."

కారు పక్కన నిలబడ్డ దేవరాజులు కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. విభూతి పట్టెలు పెట్టుకుని, వినాయకుడి పటానికి హారతి ఇచ్చాక గానీ మండీ తలుపు తీయని మనిషి.

"వదిలెయ్‌రా శేఖరా. వేరే మతం పిల్లోణ్ణి గుడికాడికి ఈడ్చుకొస్తే నలుగురూ నవ్వతారు. కొత్త కాటా కొనుక్కుందాం, పా."

"నీ మంచితనమే మన కొంప ముంచింది నాయనా. నువ్వు గమ్మునుండు." ధనశేఖర్ చిన్నబ్బ వైపు తిరిగాడు. "లెక్క చెప్తా, విను. తాళంచెవులు ముగ్గురి కాడ ఉండాయి. నేను ప్రమాణం చేస్తా. మా నాయన చేస్తాడు. మూడింట్లో రెండు పోతే మిగిలేదెవురు?"

"అంతేగదప్పా," అన్నాడు చిన్నబ్బ. "పెద్దాయన గూడా చేస్తే ఇంక మాకు అనుమానమే లేదు."

జోయల్ కళ్లు మూసుకున్నాడు. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏం గొణుగుతావు? మంత్రమా?"

"ప్రార్థన అన్నా. నిజం బయటపడాలని."

"పడతాదిలే, ఇంకాసేపట్లో!"

ధనశేఖర్ చొక్కా విప్పి కుళాయి కింద కూర్చున్నాడు. నెత్తిన నీళ్లు పడుతున్నా కోపం చల్లారలేదు. తిండి పెట్టిన ఇంటికే చేటు తెచ్చి, పైగా దేవుడి మాటలు వల్లిస్తాడా! నీళ్లు కారుతున్న పంచెతో లోపలికి వెళ్లాడు. స్వామి ఎదుట చెయ్యి చాపి, తాను కాటాను తిప్పి ఉంటే తన వంశం ఉండకూడదని గట్టిగా చెప్పాడు. గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. అప్పు తీర్చినవాడిలా రొమ్ము విరుచుకుని బయటికి వచ్చాడు.

"నాది అయిపోయింది. నాయనా, రా!"

దేవరాజులు అప్పటికే కుళాయి దగ్గర ఉన్నాడు. నీళ్లు ధారగా పడుతున్నాయి. తువ్వాలు భుజం మీదే ఉంది. చెయ్యి చాపి నీళ్లను తాకాడు, వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాపాడు.

"సల్లగా ఉండాయా నాయనా? నెత్తిన ఒక్క చెంబు పోసుకో, చాలు. చిన్నబ్బ చూస్తా ఉండాడు."

దేవరాజులు గుడి గోపురం వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"శేఖరా, పటానికి ఇన్నేండ్లు దండం పెట్టినాను. ఒక్కనాడూ ఆయన నా పక్క చూసినట్టు లేదు. ఉంటే ఉన్నాడు, లేకుంటే లేడు, మన యాపారం మనదనుకొన్నా." అతను గోపురానికి వీపు తిప్పి నిలబడ్డాడు. "ఈడ చూస్తా ఉండాడురా. నన్నే చూస్తా ఉండాడు."

"ఏందీ మాటలు? వాడు తప్పించుకొని పోతాడు నాయనా, కానియ్!"

దేవరాజులు కుళాయి కట్టేశాడు.

"ఆ పిల్లోణ్ణి కారెక్కించు. మండీకి పోయి కాటాను నేనే సరిచేస్తా. ఎట్ల తిప్పినానో నాకే గదరా తెలుసు."