ఖాళీ పోస్టు

ర్యాంపు మలుపులో నోట్లు చేతులు మారడం హెడ్‌నర్సు కళ్ళారా చూసింది.

ఒక చెయ్యి తాపీమేస్త్రీ భార్యది. రెండోది, ఆమె భర్త పడుకున్న స్ట్రెచర్ తోస్తున్న పెద్దాయనది.

"దొరికారు!" అంటూ హెడ్‌నర్సు గబగబా దిగి వచ్చింది.

తాపీమేస్త్రీ భార్య బెదిరిపోయి చెయ్యి వెనక్కి దాచుకుంది.

"రోగుల దగ్గర డబ్బులు గుంజుతున్నారని రోజూ ఎవరో ఒకరు ఫిర్యాదు. ఎవరా అనుకుంటున్నాను. తమరేనన్నమాట!"

"నేను తీసుకోలేదమ్మా," అన్నాడాయన, స్ట్రెచర్ వెనక్కి జారకుండా భుజం ఆనించి.

"మరి పొద్దస్తమానం ఇక్కడేం పని? మీ వాళ్ళెవరూ ఈ ఆసుపత్రిలో లేరు. మీకిక్కడ ఉద్యోగమూ లేదు. వ్యాయామానికా వస్తున్నారు?"

ఆయన స్ట్రెచర్‌ని పై అంతస్తు దాకా తోసి, మంచం పక్కన ఆపి, చక్రాలకు బ్రేకు వేసి వెళ్ళిపోయాడు.

హెడ్‌నర్సు తిన్నగా గేటు దగ్గరికి నడిచింది.

"రేపట్నుంచి ఆ పెద్దాయన్ని లోపలికి రానివ్వకు."

"ఆయన్నా మేడం?" కాపలావాడు నసిగాడు. "పోనీ, ఒకసారి కనుక్కుని..."

"కళ్ళతో చూశాక ఇంకా కనుక్కునేదేముంది?"

మందుల గదిలో ఫార్మసిస్టు ఈ మాట విని నిట్టూర్చాడు.

"బాగానే ఉంది మేడం. లిఫ్టు పాడై కూర్చుంది. రేపట్నుంచి బండ్లు ఎవరు తోస్తారు? మీరా, నేనా?"

"సహాయకుల్ని వెయ్యమని ఏటా రాస్తూనే ఉన్నాను కదండీ. ఆర్థిక శాఖది ఏటా ఒకటే పాట. రాష్ట్రానికొచ్చే ఆదాయంతో చూస్తే అప్పు ఎక్కువట. ఉన్న పోస్టులు రద్దు చేశారు. కొత్తవి ఇవ్వరు."

"వాళ్ళనీ ఏమంటాం? వచ్చే వందలో పాతిక వడ్డీకే పోతోంది. పొయ్యి వెలిగించకముందే వడ్డీవాడు గిన్నె ఎత్తుకుపోతున్నాడు. జీతాలకు అప్పు, ఆ అప్పు తీర్చడానికి మళ్ళీ అప్పు. పక్క రాష్ట్రం అలాగే పోయి, నెలల తరబడి జీతాలు ఆపేసింది. మనకి ఒక్క నెలైనా ఆగిందా?"

"ఆగలేదు. ఎవరి పొట్ట కొట్టి? మోసే మనిషి లేక ర్యాంపు కింద పడి ఉన్న రోగుల్ని ఆ పెద్దలు ఎప్పుడైనా వచ్చి చూశారా?"

ఫార్మసిస్టు మాత్రలు సర్దుకోవడంలో మునిగిపోయాడు.

మర్నాడు తాపీమేస్త్రీ తుంటికి ఆపరేషన్. థియేటరు కింద ఉంది. ఆ డాక్టరు వారానికి ఒక్కపూటే వస్తాడు. ఆలస్యమైతే కాలు సరిగ్గా కుదురుకోదని ముందే చెప్పి ఉన్నాడు.

వేళయింది. తోసుకెళ్ళే మనిషి లేడు.

హెడ్‌నర్సు ఒకవైపు, తాపీమేస్త్రీ భార్య ఒకవైపు పట్టుకున్నారు. వాలులో స్ట్రెచర్ ఇద్దరి చేతుల్నీ ఈడ్చుకుపోయింది. మలుపులో గోడకు కొట్టుకుంది. తాపీమేస్త్రీ పెట్టిన కేకకు వార్డులన్నీ తలలు బయటపెట్టాయి.

అడుగులో అడుగు వేసి కిందికి చేరేసరికి, డాక్టరు మరో రోగిని బల్ల మీద పడుకోబెట్టాడు.

"వచ్చే వారం చూద్దాం," అన్నాడు తల తిప్పకుండానే.

తాపీమేస్త్రీ భార్య గోడవారగా కూలబడింది. "ఆ అయ్యగారు ఉండి ఉంటే..."

"ఏ అయ్యగారు? నీ దగ్గర డబ్బులు గుంజినాయనా?"

"గుంజడమేంటమ్మా! ఇక్కడ లేని మందులు బయట కొనుక్కోమని ఆయనే నా చేతిలో పెట్టారు. చెబుదామంటే మీరు కసురుతారని నోరు పెగల్లేదు."

హెడ్‌నర్సు గేటుకేసి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"పొద్దున వచ్చారు మేడం," అన్నాడు కాపలావాడు. "మీరు చెప్పినట్టే ఆపేశాను. కాసేపు ఆ గోడ పక్కన నిలబడి వెళ్ళిపోయారు."

"మళ్ళీ వస్తే నన్ను పిలువు. నేనే వచ్చి తీసుకెళ్తాను."

ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

వారం తిరిగింది. తాపీమేస్త్రీని థియేటరులోకి పంపి వస్తుంటే, నడివయసు స్త్రీ ఒకామె ఎదురొచ్చింది.

"హెడ్‌నర్సు గారు మీరేనా? ఇక్కడ స్ట్రెచర్లు తోసే పెద్దాయన ఉండేవారే, ఆయన కూతుర్నండి."

"రండమ్మా, రండి!" హెడ్‌నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది. "తప్పంతా నాదే. నాన్నగారిని రేపట్నుంచి..."

"నాన్నగారు పోయారండి. మొన్న పొద్దున, నిద్రలోనే."

పట్టుకున్న చెయ్యి జారిపోయింది.

"తాపీమేస్త్రీకి ఆపరేషన్ అయిందో లేదో కనుక్కు రమ్మని ఆ ముందురోజే చెప్పారు. అందుకని వచ్చాను."

"ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు." హెడ్‌నర్సు థియేటరు తలుపుకేసి చూసింది. "ఆలస్యమైంది కదా, కొంచెం కుంటు మిగిలిపోతుందంటున్నారు."

కూతురు మెల్లగా తలూపింది.

"అమ్మా, ఒక్కమాట. జీతం లేదు, మర్యాదా లేదు. నేను అన్ని మాటలన్నా ఎందుకొస్తున్నారో నోరు విప్పి చెప్పలేదు. ఈ ఆసుపత్రికీ ఆయనకీ ఏమిటి సంబంధం?"

కూతురు ర్యాంపు వైపు చూసింది. కింద స్ట్రెచర్ మీద ఎవరో, తోసే మనిషి కోసం ఎదురుచూస్తున్నారు.

"రాష్ట్రంలో ఎవరి జీతమూ ఆగకూడదని, అప్పట్లో ఇక్కడి సహాయకుల పోస్టులన్నీ కొట్టేసిన ఆర్థిక శాఖ కార్యదర్శి మా నాన్నగారేనండి," అంది.