క్లిప్పులాయన

పై బాల్కనీలోంచి నీళ్ళచుక్క సరిగ్గా అపార్ట్‌మెంట్ సెక్రటరీ బట్టతల మీద పడింది.

"ఏమయ్యా క్లిప్పులూ! బట్టలు పిండడం కూడా చేతకాదా?"

కొత్తగా అద్దెకొచ్చిన మనిషి తొంగిచూశాడు. చేతిలో భార్య యూనిఫాం, చొక్కా అంచున వరసగా ప్లాస్టిక్ క్లిప్పులు.

"సారీ సార్. మళ్ళీ పిండుతాను."

"పెళ్ళాం డ్యూటీకి, మొగుడు ఉతుకుడికి! సిగ్గులేదూ?"

"ఆవిడది ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ, నాది సాయంత్రం సార్."

మెట్ల మీదున్నవాళ్ళు పగలబడి నవ్వారు. సెక్రటరీ మంట చల్లారలేదు.

సెక్రటరీ భార్యా ఫ్యాక్టరీకి వెళ్తుంది. అత్తగారు తుంటి విరిగి మంచాన పడ్డప్పుడు ఒక్కటే అడిగింది.

"ఏవండీ, దుకాణం పక్క వీధేగా. మధ్యాహ్నం వచ్చి అత్తయ్యకి కాస్త అన్నం తినిపించండి."

"మగాడి పనా అది? చేతకాకపోతే ఉద్యోగం మానెయ్!"

"అయితే నేనే చూసుకుంటాను."

మళ్ళీ అడగలేదు. లంచ్ టైంలో తనే పరుగెత్తుకొస్తోందని ఆయన అనుకున్నాడు. రాత్రి గుమ్మంలోంచే "తిన్నావామ్మా?" అనేవాడు. "తిన్నాన్రా" అనేది తల్లి. కొడుకు బాధ్యత అక్కడితో తీరిపోయేది.

"గట్టిగా ఉంటే ఆడవాళ్ళు అన్నీ చేస్తారు. ఆ క్లిప్పులుగాణ్ణి చూస్తేనే నెత్తికెక్కుతారు," అని దుకాణంలో చెప్పేవాడు.

ఊరికే చెప్పి ఊరుకోలేదు. ఇల్లు ఖాళీ చేయించమని పై వాటా ఓనరు చెవి కొరికాడు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పకుండా, తన భార్య ఫ్యాక్టరీకి వెళ్ళగానే వ్యాను పిలిపించి పై వాటా సామాను దింపించాడు.

"మధ్యాహ్నం దాకా ఉండనివ్వండి సార్. ఒక్క పనుంది," అని బతిమాలాడు క్లిప్పులాయన.

"ఏం పని? బట్టలు ఆరలేదా? కదులు!"

ఆ మనిషి సెక్రటరీ ఇంటి తలుపు వైపు ఓసారి చూశాడు. ఏదో చెప్పబోయి మానేసి వ్యాను ఎక్కాడు.

పీడ వదిలిందన్న హుషారులో సెక్రటరీ ఆ మధ్యాహ్నం దుకాణం నుంచి ఇంటికొచ్చాడు.

అన్నం గిన్నె మీద మూత అలాగే ఉంది. తల్లి మెడకి తువ్వాలు చుట్టుకుని పడుకునే ఉంది. పెదాలు ఎండిపోయాయి.

"నీ కోడలు ఇంకా రాలేదా? ఏం చేస్తోంది?"

"అదెప్పుడొచ్చిందిరా మధ్యాహ్నం పూట?"

తువ్వాలుకి పెట్టుకునే ఎర్ర క్లిప్పు పిడికిట్లో పట్టుకుని, ఆమె కొడుకు వెనకున్న గుమ్మంకేసి చూసింది.

"రోజూ నన్ను లేపి కూచోబెట్టి తినిపిస్తాడే, ఆ పై వాటా అబ్బాయి ఇవాళ ఇంకా రాలేదేరా?"